కార్డు వెళ్ళిన వార్డులు

ఈ మధ్య ఎలక్షన్లు వచ్చాయంటే చాలు, మా తిరువూరులో పోస్టుమాన్ సంచి బరువెక్కుతోంది. నిలబడ్డ ప్రతివాడూ ఇంటింటికీ కార్డు వేస్తున్నాడు. ‘మహాశయా’ అని మొదలై ‘తమ విధేయుడు’ అని ముగిసే ఆ కార్డుల్లో, సొంత అల్లుళ్ళు కూడా మనకివ్వని మర్యాద దొరుకుతుంది. వాటివల్ల నిజంగా ఓట్లు పడతాయా అని కాఫీ హోటల్లో వాదన వచ్చినప్పుడల్లా చివరికి నా పేరు ఎత్తుతారు. ఊళ్ళో ఆ సంగతి లెక్కకట్టి చూసినవాణ్ణి నేనొక్కణ్ణేనట. నిజమే, చూశాను. ఏం తేలిందో ఒక్క ముక్కలో చెప్పమంటే మాత్రం నావల్ల కాదు. ఒక్క ముక్కలో చెప్పగలిగితే నేనూ ఎక్కడో ఒక వార్డులో నిలబడి ఉండేవాణ్ణి.

ఇది డెబ్బైల మొదట్లో, పంచాయతీ ఎన్నికలప్పటి మాట. నేను అప్పుడూ ఇప్పుడూ రైసు మిల్లులో గుమాస్తానే. బడి చదువు థర్డు ఫారంతో ఆగిపోయింది. ఆపైన లెక్కలు నాకు వడ్ల బస్తాలు నేర్పాయి. రైతు బండి మీంచి బస్తాలు దింపగానే వాటిలో ఒకదాని మీద చెయ్యి వేసి, “ఇది చూసుకోండి” అంటాడు. ఆ మాట విని ఆ బస్తానే చూసుకున్నవాడు మునిగిపోతాడు. ఎవరి మాటా వినకుండా, చేతికందిన బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, గింజలు లాగి, దంచి చూసినవాడికే బియ్యం ఎంత దిగుతుందో తెలుస్తుంది. నా గణితశాస్త్రమంతా ఆ గొట్టంలోంచి రాలిందే. దానికి పట్టా ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

మా మిల్లు యజమానికి మాగాణి ఉంది, మేడ ఉంది, గంపలగూడెం రోడ్డున పత్తి చేలు ఉన్నాయి. లేనిదల్లా తనను ‘ప్రెసిడెంటుగారూ’ అని పిలిచే ఊరు. అప్పట్లో జనం తమ వార్డుకు మెంబరును ఎన్నుకునేవారు, ఆ మెంబర్లంతా కూడి పంచాయతీ ప్రెసిడెంటును ఎన్నుకునేవారు. కనుక ఆయన పన్నెండు వార్డుల్లోనూ తన మనుషుల్ని నిలబెట్టి, తానూ ఒక వార్డులో నిలబడ్డారు. ఊరికి సేవ చెయ్యాలన్న కోరిక ఆయనకు ఉన్నట్టుండి ఒక సోమవారం కలిగింది. అంతకు ముందు శుక్రవారమే పాత ప్రెసిడెంటు మా మిల్లు నీళ్ళు రోడ్డు మీదికి వదలకూడదని నోటీసు ఇచ్చాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను రుజువు చెయ్యలేను.

ఆ ఎన్నికల వేడిలో బెజవాడ నుంచి ఆయన అల్లుడుగారు దిగారు. మందుల కంపెనీలో ఉద్యోగం. డాక్టర్లకు కార్డులు పంపే విభాగమట. ఏ డాక్టరుకి ఏ మందు కార్డు వెళ్ళిందో, ఆ నెల ఆయన రోగులందరికీ ఆ మందుకు తగిన జబ్బే వస్తుందని అల్లుడుగారి మాటల్లో నాకు అర్థమైంది. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ మూడు పెన్నులు ఉండేవి. రాసింది మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

“మావయ్యగారూ, మీరు మైకులు, జెండాలు అని తగలేస్తున్నారు. మైకు అందరితో మాట్లాడుతుంది, అంటే ఎవరితోనూ మాట్లాడనట్టే. కార్డు అలా కాదు. పేరు పెట్టి, ఇంటి నంబరు వేసి, ఆ మనిషి చేతిలోకే వెళ్ళి మాట్లాడుతుంది,” అన్నారు అల్లుడుగారు.

“చదవటం రానివాడి చేతిలోకి వెళ్తేనో?” అన్నారు మా యజమాని.

“పోస్టుమాన్ చదివి పెడతాడండి. అప్పుడు గవర్నమెంటే మనకి ప్రచారం చేసినట్టు.”

ఈ మాట మా యజమానికి నచ్చింది. గవర్నమెంటు తన కోసం పనిచేయడమన్నది ఆయనకు ఎప్పుడూ నచ్చే విషయమే.

అసలు సంగతి రెండో కాఫీ తర్వాత బయటపడింది. అల్లుడుగారు ఉద్యోగం మానేసి బెజవాడలో సొంతంగా ప్రెస్సు పెట్టదలుచుకున్నారు. ఊరూరా ఓటర్ల జాబితాలు సంపాదించి, నిలబడ్డ ప్రతివాడికీ కార్డులు అచ్చేసి పంపించే కంపెనీ. దానికి పెట్టుబడి కావాలి. పెట్టుబడికి ఆయన కన్ను ఎక్కడ పడిందంటే, విస్సన్నపేట పక్కన ఉన్న మామిడితోట మీద. ఆ తోట యజమానిది కాదు. ఆయన భార్య అయిన అమ్మగారికి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చింది. ప్రతి వేసవిలో అమ్మగారు బండి కట్టించుకుని వెళ్ళి, కాయ కోయించి, ఆవకాయ కాయలు ఊళ్ళో తెలిసినవాళ్ళందరికీ పంచి వచ్చేది. ఆ ఇంట్లో ఆవిడ ఎవర్నీ అడక్కుండా చేయగలిగిన పని అదొక్కటే.

మా యజమాని మీసం సవరించుకుని తీర్పు చెప్పారు. “సరే. ఈ ఎన్నికల్లో కార్డు పనిచేసిందని లెక్క చూపించు. పనిచేస్తే తోట అమ్మి డబ్బిస్తాను. పనిచెయ్యకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తకు. లెక్క మా గుమాస్తా చూస్తాడు.”

తలుపు వెనక గాజుల చప్పుడైంది. ఆ కాలపు అత్తగార్లు అల్లుళ్ళ ఎదటికి రారు కదా, తలుపు చాటునే నిలబడతారు. తన తోట సంగతి ఆవిడ అక్కడినుంచే విన్నది. తోట ఎవరిదో ఆవిణ్ణి అడగాలన్న ఆలోచన ఇటున్న ముగ్గురికీ రాలేదు. ముగ్గురిలో నేనూ ఉన్నాను.

లెక్క ఎలా చూడాలా అని ఒక రోజంతా ఆలోచించాను. కార్డులు ఊరంతా పంపితే, గెలిచినా ఓడినా కార్డు వల్లనో కాదో తెలియదు. సగానికి పంపి, సగానికి మానేసి, రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ సగానికి పంపాలన్న దగ్గర మామా అల్లుళ్ళు ఏకమయ్యారు.

“మనకు బలం ఉన్న వార్డులకి వెయ్యి,” అన్నారు యజమాని.

“అవునండీ, మొదటి ప్రయత్నం కదా,” అన్నారు అల్లుడుగారు.

“అది మంచి బస్తా మీద చెయ్యి వేసి చూపించినట్టండి,” అన్నాను.

ఆ మాట యజమానికి వెంటనే ఎక్కింది. ఆయన్ని ఆ బస్తాతో మోసం చెయ్యబోయిన రైతులు చాలామందే ఉన్నారు. పన్నెండు వార్డులకూ చీట్లు రాసి, ఇత్తడి గిన్నెలో వేసి కలిపి, ఆరు తీయించాను. తీసింది అమ్మగారి చేతనే. తలుపు సందులోంచి చెయ్యి ఒక్కటే బయటికి వచ్చి చీట్లు తీసి ఇచ్చింది. చర్చి వీధి వచ్చింది, పాలవాళ్ళ వాడ వచ్చింది, బస్టాండు వెనక వీధులు వచ్చాయి, ఇంకో మూడు వచ్చాయి. యజమాని సొంత వార్డు రాలేదు. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు. తనకు తాను కార్డు రాసుకోవాలని ఆశపడ్డట్టున్నారు.

కార్డులు బెజవాడలో అచ్చయి వచ్చాయి. నున్నటి కార్డు, మధ్యలో యజమాని ఫొటో. ఫొటోలో ఆయన నవ్వుతున్నారు. మిల్లులో పనిచేసేవాళ్ళు ఆ ఫొటోను చాలాసేపు చూశారు, ఎవరిదో తెలియక. ‘మీ ఇంటి బిడ్డను’ అని రాసి ఉంది. ఆయనకు అప్పటికి యాభై అయిదేళ్ళు. ఓటర్ల జాబితా ముందేసుకుని పేర్లు రాయించి, పోస్టాఫీసులో పడేశాం. తిరువూరులో పోస్టు చేసిన కార్డు తిరువూరులోనే ముద్ర వేయించుకుని, తిరువూరులోనే రెండో ముద్ర కూడా వేయించుకుని, మిల్లుకు పిలుపు దూరంలో ఉన్న ఇళ్ళకు మర్నాడు చేరింది.

కార్డు చేరాక దాని గతి ఏమైందో చూడాలని ఆ వార్డుల్లో తిరిగాను. ఓటు వేసేలోపు మనిషి మనసులో ఏముందో తెలియదు గానీ, కార్డు ఎక్కడుందో తెలుస్తుంది కదా అన్నది నా ఆలోచన. ఒకింట్లో నులకమంచం కోడు కింద ఉంది. మంచం కదలకుండా బాగా నిలబడింది, ఆ మేరకు కార్డు పనిచేసిందనే చెప్పాలి. ఒకింట్లో చూరులో దోపారు. ఒకచోట పిల్లలు ఫొటోకు కళ్ళజోడు గీశారు. బస్టాండు వెనక ఒక ముసలాయనకు కార్డు రాగానే ఇంట్లోవాళ్ళు స్నానానికి నీళ్ళు పెట్టారట. వాళ్ళింటికి కార్డు వచ్చిందంటే ఎవరో పోయారనే లెక్క. ఆ తర్వాత పోస్టుమాన్ చదివి చెప్తే, “అయితే మిల్లుగారు బానే ఉన్నారా?” అని అడిగాడట ముసలాయన. ఉన్నారని తెలిసి సంతోషించాడో లేదో ఎవరూ చెప్పలేదు.

కానీ తిరిగినకొద్దీ నాకు ఇంకో విషయం తగలడం మొదలైంది. మాట్లాడేవాళ్ళందరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు. అవసరమైనదాని కంటే కొంచెం ఎక్కువ మర్యాదగా. “అబ్బో, మాకు కూడా ఉత్తరం రాశారండీ” అంటున్నారు. “పోస్టులో పంపారండీ” అంటున్నారు. ఆ ‘పోస్టులో’ దగ్గర గొంతు ఒక మెట్టు దిగుతోంది.

దాని అర్థమేమిటో మిల్లుగారింటికి పాలు పోసే ఆవిడ విడమరిచి చెప్పింది. నేను పెరట్లో ధాన్యం కొలిపిస్తున్నాను. ఆవిడ పాలు పోసి, చెంబు కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుంది.

“అమ్మగోరూ, మేం ఊళ్ళోనే ఉన్నామా, దేశాంతరం పోయామా?”

“అదేం మాటే?” అంది అమ్మగారు.

“మిల్లు పొగ మా గుడిసెల మీదే పడతా ఉంటది. అయ్యగోరు దగ్గితే మా వాడకి ఇనపడద్ది. అట్టాంటిది మాకు పోస్టులో ఉత్తరం ఏశారు. పాపగోరి పెళ్ళికి గడపగడపకీ వచ్చి పిలిచారే, అప్పుడు కాళ్ళున్నాయి గదా మీకు?”

“అది ఎలక్షన్ కార్డే పిచ్చిదానా, పిలుపు కాదు.”

“‘తమరు తప్పక విచ్చేసి ఓటు వేయవలెను’ అని పోస్టాయన చదివాడు. విచ్చేయమంటే పిలుపు కాక ఏంటి? పిలవాల్సినోళ్ళని పిలవరు, పైగా పోస్టులో ఇసిరేస్తారు. మా వాడ ఆడోళ్ళందరం ఒకటనుకున్నాం అమ్మగోరూ.”

“ఏమనుకున్నారు?”

“ఓటు కూడా పోస్టులోనే పంపిద్దామని.”

చెంబు ఎత్తుకుని వెళ్ళిపోయింది. కొలిచేవాడు నవ్వు ఆపుకోలేక లెక్క తప్పాడు. మళ్ళీ మొదటినుంచి కొలిపించాను.

పొరుగూరి చుట్టానికి కార్డు వేస్తే మర్యాద. ఊళ్ళో ఉన్నవాడికి కార్డు వేస్తే, నీ గడప తొక్కడం నాకు ఇష్టం లేదని అచ్చువేసి పంపించినట్టు. ఈ సంగతి తిరువూరులో పుట్టిన ప్రతివాడికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ కార్డుల మీద పేర్లు రాయించేటప్పుడు అదేదో సైన్సు అనుకున్నానే తప్ప, పిలుపు అనుకోలేదు. సైన్సుకి గడపలుండవని కాబోలు.

ఆ మధ్యాహ్నం అమ్మగారు నన్ను వసారాలోకి పిలిపించింది.

“గుమాస్తాగారూ, కార్డులు వెళ్ళిన వార్డులు ఏమేమిటో ఒకసారి చెప్పండి.”

“చీట్లు మీరే తీశారు కదమ్మా. ఎందుకిప్పుడు?”

“వెళ్ళి పిలిచొస్తాను.”

“అమ్మా, అంత పని చెయ్యకండి. కార్డు వెళ్ళిన వార్డులకు మీరు కూడా వెళితే, రేపు ఓట్లు పడినా అవి కార్డువో మీవో ఎలా తేలుతుంది? పోనీ వెళ్ళాలనే ఉంటే కార్డు వెళ్ళని ఆరు వార్డులకూ వెళ్ళండి. అప్పుడు రెండువైపులా సమానమవుతుంది.”

“వాళ్ళకు కోపం రాలేదు గదండీ, అక్కడికి వెళ్ళి ఏమని చెప్పను? మీ పట్ల మావల్ల తప్పేమీ జరగలేదని చెప్పనా?”

“లెక్క చెడిపోతుందమ్మా.”

“లెక్కదేముందండీ, మీరు మళ్ళీ కూర్చుని వేసుకుంటారు. ఊళ్ళో ఆడవాళ్ళతో చెడితే నేనెక్కడ కూర్చోను?”

నేను గొంతు తగ్గించాను. “ఇది చెప్పకూడదేమో. మీరు వెళితే అక్కడ మనవాళ్ళు గెలుస్తారు. గెలిస్తే కార్డులే గెలిపించాయంటారు అల్లుడుగారు. తోట పోతుంది. మీరు ఇంట్లో కూర్చుంటే చాలు, తోట మీకే ఉంటుంది.”

ఆ తోటను గురించి ఆవిడ ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు. ఆరోజూ ఎక్కువ మాట్లాడలేదు.

“ఈయన ఓడిపోయి ఇంట్లో కూర్చుంటే అయిదేళ్ళు భరించాల్సింది నేనే గదండీ. మీరు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్తారు,” అంది. లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చుకుంది.

పోలింగు దాకా రోజూ ఆ ఆరు వార్డుల్లో తిరిగింది. మిట్ట ఎండలో, చెప్పులు గడప బయట విడిచి, ప్రతి ఇంట్లోకీ వెళ్ళింది. బొట్టు పెట్టే ఇళ్ళలో బొట్టు పెట్టి పిలిచింది. చర్చి వీధిలో బొట్టు పెట్టరు కనుక అక్కడ అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, “మా ఆయనకి తెలియక పోస్టులో వేశారు, మీరు మనసులో పెట్టుకోకండి వదినా” అని వచ్చింది. ఓటు మాట ఎక్కడా ఎత్తలేదట. ప్రచారం తెలియని మనిషి మరి. తన తోటకు తనే బేరం కుదురుస్తూ ఇల్లిల్లూ తిరుగుతున్నట్టుగా ఉంది నాకు. నా లెక్క పాడవుతోందన్న బాధ కూడా పక్కనే ఉంది. రెండు బాధల్లో ఏది పెద్దదో ఇప్పుడు చెప్పను.

ఓట్లు లెక్కపెట్టారు. కార్డులు వెళ్ళిన ఆరు వార్డుల్లో అయిదు మావాళ్ళు గెలిచారు. వెళ్ళని ఆరింట మూడు. మా యజమాని ప్రెసిడెంటయ్యారు. పాలవాళ్ళ వాడలోనైతే అవతలివాడికి పడ్డ ఓట్లు వాడి బంధువుల సంఖ్య కన్నా తక్కువ. వాడు నెల రోజులు చుట్టాలెవరితోనూ మాట్లాడలేదని విన్నాను.

అల్లుడుగారు మూడు పెన్నుల్లో ఒకటి మొదటిసారిగా బయటికి తీశారు. “ఆరింట అయిదు! ఆరింట మూడు! ఇంకేం కావాలి మావయ్యగారూ? మీ గుమాస్తాగారి పద్ధతి ప్రకారమే. చీట్లు వేసి మరీ తీశాం.”

నా పద్ధతి నా మీదికే వచ్చింది. లేచి నిలబడి చెప్పాను. “బాబుగారూ, ఆ వార్డులకు కార్డులొక్కటే వెళ్ళలేదండి. అమ్మగారూ వెళ్ళారు. రెండు రకాల వడ్లు ఒకే బస్తాలో పోసి, బియ్యం బాగా దిగిందంటే ఏ రకానికి దిగిందని చెబుతాం?”

మా యజమాని పకపకా నవ్వారు. “ఆడవాళ్ళు వెళ్ళి బొట్లు పెడితే ఓట్లు పడతాయటయ్యా! అలాగైతే దేశాన్ని కుంకుమ భరిణెలే ఏలేవి.”

గెలిచినవాడికి లెక్కలు చెప్పడమంత దండగ పని మరొకటి లేదు. తాను పెట్టిన ఖర్చు వల్ల గెలిచాననుకోవడంలో ఉన్న తృప్తి, పెళ్ళాం తిరగడం వల్ల గెలిచాననుకోవడంలో ఎలా ఉంటుంది? తోట కొనే ఆసామికి విస్సన్నపేట కబురు వెళ్ళింది. పై ఆదివారం ఊరంతటికీ విందు, ఆరోజే అందరి ఎదుటా బయానా పుచ్చుకుని తోట మాట ఖాయం చేసుకోవడం అని నిర్ణయమైంది. అల్లుడుగారికి ప్రెస్సు పెడుతున్నట్టు అక్కడే ప్రకటిస్తారు.

“ఊరందరినీ పిలవాలే. రేపటినుంచి మొదలుపెట్టు,” అన్నారు యజమాని తలుపు వైపు తిరిగి.

తలుపు చాటునుంచి మెత్తగా వచ్చింది మాట. “నేనెందుకండీ? కార్డులున్నాయి గదా. ఓటంత గొప్పదే కార్డు చూసి వేసినవాళ్ళు, అన్నం తినడానికి రారా?”

“అక్షరాలా నిజం! భోజనాలకీ కార్డులే వేద్దాం మావయ్యగారూ. ఈసారి పన్నెండు వార్డులకూ!” అన్నారు అల్లుడుగారు. అత్తగారు తన సిద్ధాంతాన్ని ఒప్పుకున్నదని ఆయన ముఖం విప్పారిపోయింది.

వంటమేస్త్రి వచ్చి ఎన్ని విస్తళ్ళని అడిగాడు. ఊరంతా అన్నారు మామా అల్లుళ్ళు. నన్నడిగితే సగానికి వండమన్నాను. అపశకునం పలకొద్దని కసిరారు. నా అంచనా కూడా తప్పేనని ఆదివారం మధ్యాహ్నానికి తేలింది. సగం కూడా ఎక్కువే.

ఆదివారం వడ్లు ఆరబోసే గచ్చంతా కడిగించి పందిరి వేశారు. పులిహోర గుట్టపోశారు. బూరెలు, గుత్తివంకాయ, ముక్కల పులుసు, గంగాళాల్లో పెరుగు. పన్నెండయింది. గెలిచిన మెంబర్లు వచ్చారు. పోస్టుమాస్టరు వచ్చాడు. పోస్టుమాన్ కూడా వచ్చాడు, అన్ని కార్డులు మోసినవాడు కదా, ఆ హక్కుతో. అల్లుడుగారి స్నేహితులిద్దరు బెజవాడ బస్సు దిగారు. తోట కొనే ఆసామి విస్సన్నపేట నుంచి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఒక పంక్తిలో సగం కూడా నిండలేదు. ఒంటిగంట దాటింది. వడ్డించేవాళ్ళు తినేవాళ్ళ కన్నా ఎక్కువగా ఉండటంతో, ఆ ఆసామి ఆకులో నలుగురు నాలుగు వైపులనుంచి పప్పు వేశారు. పాపం, ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నాడు.

యజమాని గేటు దగ్గర నిలబడ్డారు. రోడ్డున జనం పోతూనే ఉన్నారు. నమస్కారాలు పెట్టి మరీ పోతున్నారు. చర్చి వీధి మాస్టారు ఒకాయన సైకిలు మీద వస్తుంటే ఆపారు.

“ఏం మాస్టారూ, కార్డు అందలేదా?”

“అందిందండీ ప్రెసిడెంటుగారూ. చాలా అందంగా అచ్చేశారు.”

“మరి భోజనానికి?”

“అయ్యో, పిలిస్తే రాకుండా ఉంటామా అండీ!” అని మళ్ళీ దణ్ణం పెట్టి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మా యజమాని ఆ సైకిలు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డారు. తర్వాత గంగాళాల వైపు చూశారు. పెరుగు పులుస్తోంది. వండినదంతా మిగిలిపోయి, రేపు పొద్దున పశువులకు పెడుతున్నారని తెలిస్తే, పాత ప్రెసిడెంటు ఊరంతా చెప్పుకు తిరగడానికి మైకు కూడా అక్కర్లేదు. విసవిసా ఇంట్లోకి వెళ్ళారు. విస్తళ్ళ కట్ట పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను.

“ఏమే, ఒక్కసారి వీధుల్లోకి వెళ్ళి నలుగుర్నీ పిలుచుకురా.”

“నేను వెళ్తే కార్డు సంగతి తేలదు గదండీ. గుమాస్తాగారు కూడా వద్దంటారు.”

నేను విస్తళ్ళు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

“వేళాకోళాలకి టైమా ఇది? అన్నం పాడైపోతోంది!”

“నిజమే. అన్నం పాడవుతుంది,” అంది అమ్మగారు. “ఆ విస్సన్నపేట ఆయన చెయ్యి కడుక్కున్నాడా?”

“తింటున్నాడు. ఎందుకు?”

“తిన్నాక తాంబూలమిచ్చి పంపించెయ్యండి. తోట అమ్మడం లేదని చెప్పి పంపించండి. ఆయన బస్సెక్కాడని ఎవరైనా వచ్చి చెప్తే, అప్పుడు భరిణె తీస్తాను.”

మా యజమాని నోరు తెరిచారు. పెరట్లో గంగాళం మూత ఎవరో తీసి వేసిన చప్పుడైంది. నోరు మూసుకున్నారు. ధాన్యం ధర దగ్గర ఆయన్ని ఒక్క పైసా దించలేని మనుషుల్ని చాలామందిని చూశాను. అరనిమిషంలో తోట మొత్తం దించిన మనిషిని అప్పుడే చూశాను.

ఆసామికి తాంబూలంతో పాటు బూరెల పొట్లం కూడా ఇచ్చి రెండింటి బస్సు ఎక్కించాను. వచ్చి చెప్పాను. అమ్మగారు భరిణె తీసుకుని గడప దాటబోతూ ఆగింది.

“మీరూ రండి. ప్రెసిడెంటు నేను కాదు గదా.”

ఆయన కండువా సర్దుకుని దిగారు. ఇద్దరూ కలిసి రోడ్డు మీదికి వచ్చారు. ఆ క్షణంలో నాకొక ఆలోచన వచ్చింది. పరుగెత్తుకెళ్ళి గేటు దగ్గర అందుకున్నాను.

“బాబుగారూ, ఒక్క మనవి. మీరొక వీధికీ, అమ్మగారొక వీధికీ విడివిడిగా వెళ్తే, ఎవరి పిలుపుకి ఎంతమంది వచ్చారో...”

“ఆకులు వేయించండి గుమాస్తాగారూ,” అంది అమ్మగారు.

ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఇంకో గంటకు జనం రావడం మొదలైంది. పాలావిడ తన వాడ మొత్తాన్ని వెంటబెట్టుకుని, పెళ్ళివారిలా ముందు నడుస్తూ వచ్చింది. సైకిలు మాస్టారు భార్యాపిల్లలతో వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఎంత ఆకలితో ఉన్నారంటే, మధ్యాహ్నం ఇళ్ళలో పొయ్యి వెలిగించకుండా కూర్చున్నారేమో అనిపించింది. పొద్దు వాలేదాకా పంక్తి మీద పంక్తి లేచింది. పులిహోర అడుగంటింది. ప్రెసిడెంటుగారు కాళ్ళనిండా దుమ్ముతో, పందిరి గుంజకు ఆనుకుని కూర్చుని, ఎవరో అందించిన మజ్జిగ తాగుతున్నారు. ఆయన జీవితంలో అన్ని గడపలు తొక్కింది ఆరోజే.

అల్లుడుగారు అప్పటిదాకా కనపడలేదు. చివరి పంక్తిలో స్నేహితులతో వచ్చి కూర్చున్నారు. నిండిన పందిరంతా తృప్తిగా కలయచూశారు.

“చూశారా మావయ్యగారూ! కార్డు ప్రభావం కొంచెం ఆలస్యంగా మొదలవుతుంది. మా మందుల కంపెనీలో కూడా అంతే.”

మా యజమాని కాళ్ళకంటిన దుమ్ము దులుపుకున్నారు. నేయిగిన్నె పట్టుకుని అటుగా వచ్చిన అమ్మగారు మాత్రం ఆగి, వడ్డించేవాణ్ణి పిలిచి, “అల్లుడుగారికి ఇంకో బూరె వెయ్యి” అని చెప్పి ముందుకు సాగింది.